సెట్‌కీ గన్నుకీ మధ్య

మొదటి కుర్చీ తెర దాకా వెళ్లలేదు. దాని కింద పెట్టిన స్పీకరుకి తగిలి పడింది. రెండో కుర్చీ ఎత్తినవాడి మణికట్టు శ్రీరామ్మూర్తి పట్టుకున్నాడు.

"దించు."

"వదలండి మాస్టారూ. ఊరు ఊరంతటినీ నవ్వులపాలు సేసీసింది."

"దించమన్నాను."

అరవై మూడేళ్ల చెయ్యే అయినా పోర్టులో కొక్కేలూ తాళ్లూ పట్టిన చెయ్యి. కుర్రాడు కుర్చీ దించి, ఆ కోపంతోనే జనంలోకి వెళ్లిపోయాడు.

భీమిలి బస్టాండు పక్క ఖాళీ స్థలంలో నాలుగువందల మంది దాకా ఉన్నారు. అందరి చూపూ పెద్ద తెర మీదే. అక్కడ కొరియాలో సాయంత్రం, ఇక్కడ ఇంకా నాలుగు కాలేదు. ఒక ఆడమనిషి ఐదో లైను దగ్గరికి నడిచి వచ్చి ఎరుపూ నలుపూ కార్డు ఎత్తి చూపించింది. ఐదో లైనులో నిలబడ్డ పిల్ల జ్యోతిర్మయి. పద్దెనిమిదేళ్లది, ఈ ఊరిదే. ఆసియా జూనియర్ పోటీల్లో వంద మీటర్ల ఫైనలు. గన్ను పేలకముందే కదిలింది. ఒక్కసారి కదిలినా బయటికే, అది రూలు. పరుగు మొదలుకాకుండానే ఆమె పరుగు అయిపోయింది.

ఆమె కార్డు వైపు చూడలేదు. వంగి, తను కాళ్లు ఆనించిన బ్లాకుల వైపు చూసింది, అక్కడేదో పారేసుకున్నట్టు. తర్వాత పక్కకి నడిచి వెళ్లిపోయింది.

"పది రోజుల్నుంచి తెర కట్టుకుని మేం ఆగినాం," అన్నాడు నరేష్ గట్టిగా. ఫ్యాన్సు సంఘం పెట్టినవాడు, తెర తెప్పించినవాడు, సంతలో ఫ్లెక్సీ కట్టించినవాడు అతనే. "అది అర సెకను ఆగలేకపోనాదా బావా? ఏటా ఆత్రం?"

"డబ్బులు తీసుకుందేటో," అన్నారెవరో వెనకనించి.

నవ్వులు. తర్వాత ఈలలు. తర్వాత "దొంగ, దొంగ" అని లయగా అరుపులు. పొద్దుట ఇదే లయలో ఆమె పేరు అరిచారు.

టీవీ అమ్మాయి శ్రీసత్య జనాన్ని తోసుకుంటూ శ్రీరామ్మూర్తి దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఏ పరుగు పందెం జరిగినా గన్ను పేల్చేది ఈయనేనని ఆమెకి ఎవరో చెప్పారు.

"సార్, మీరు స్టార్టరు కదా. అసలేం జరిగింది?"

తెర మీద మళ్లీ అదే చూపిస్తున్నారు. సెట్. ఎనిమిది నడుములు పైకి లేచాయి. నిశ్శబ్దం. ఐదో లైను కదిలింది. అప్పుడు పేలింది గన్ను.

"అంతసేపు ఆపకూడదు," అన్నాడు శ్రీరామ్మూర్తి. "సెట్ అన్నాక అంతసేపు ఎవుడాపుతాడు? ఆ స్టార్టరు కావాలనే ఆపినాడు. మా పిల్లని మోసం సేసినారు."

ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే నమ్మాడు. చుట్టూ చప్పట్లు మోగాయి. ఇందాక "దొంగ" అన్న గొంతులే ఇప్పుడు "మాస్టారూ, మాస్టారూ" అన్నాయి.

మర్నాడు పొద్దుట భార్య తాయారు ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"లచ్చమంది సూసినారట నిన్ను. కాలరు సరిగ్గా పెట్టుకోవాల, లోపల బనీను కనపడతన్నాది."

"ఏటి రాసినారు కింద?"

"నువ్వు సింహం అని రాసినారు. ఆ గుంటని మాత్రం తిడతన్నారు. కొందరు ఆ కోచ్‌ని." ఆమె ఫోను దూరంగా పెట్టి చూసింది. "సదవలేం బాబూ ఇయి. తల్లి సదివితే ఏటవుతాదో."

తల్లి చదవలేదు. తల్లికి చదువు రాదు. కానీ ఆమె చూడాల్సింది సంతలో చూసేసింది. శ్రీరామ్మూర్తి వెళ్లేసరికి ఫ్లెక్సీ మీద జ్యోతిర్మయి ముఖానికి పేడ పూసి ఉంది. సరిగ్గా దాని కింద, ఎండుచేపల బుట్ట ముందు పెట్టుకుని తల్లి అప్పాయమ్మ కూర్చుంది.

"నీ సోటు అటేపు కదేటమ్మా."

"అటేపే. ఈయాల ఇటొచ్చీసినాను." నెత్తళ్లని పిడికిళ్లతో తీసి కుప్పలు పెడుతోంది. కుప్పకీ కుప్పకీ మధ్య బెత్తెడు దూరం. "కొనేవోళ్లు దాని మొకం సూసి కొంటారు. సూడలేనోళ్లు కొనరు."

ఆయన జేబురుమాలు తీసి ఫ్లెక్సీ వైపు కదిలాడు.

"ముట్టుకోకండి మాస్టారూ. రాసినోడే వచ్చి తుడవాల. అందాకా నానిక్కడే కూకుంటాను."

ఒకామె వచ్చింది, పైకి చూసింది, బేరం ఆడకుండా వెళ్లిపోయింది. అప్పాయమ్మ ఆమె వీపు మలుపు తిరిగేదాకా చూసి, ఇంకో కుప్ప పెట్టింది.

"మీరొక్కరే మా పిల్ల తరపున మాటాడినారు. అది ఏడవటం నేదు మాస్టారూ. నాకదే బయం. ఇంకో పరుగున్నాది కదా, రెండొందలు. అది పరిగెట్టనంటన్నాది. రేపు మద్దినేలకల్లా పేరు తీయించీసుకుని వచ్చీత్తాదట. ఎందుకలా సేసినావే అంటే ఒకటే మాట. నాకు గన్ను వినిపించినాదమ్మా అని." ఆమె తలెత్తింది. "పేలకుండా ఎలగ వినిపిస్తాదండి?"

శ్రీరామ్మూర్తి కొందామని వచ్చిన నెత్తళ్లు కొన్నాడు. దారిలో మూడుసార్లు ఆ మాటే అనుకున్నాడు. పేలకుండా ఎలగ వినిపిస్తాది.

గ్రౌండు దగ్గర నరేష్, ఇంకో నలుగురూ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డారు. కోచ్ మోహనకృష్ణని గ్రౌండులోకి రానివ్వకూడదని అర్జీ. మోహనకృష్ణ కాస్త దూరంలో నేల మీద కూర్చుని, ఇనప బ్లాకుల పళ్లలో ఇరుక్కున్న మట్టిని మేకుతో గీకుతున్నాడు. వాళ్ల మాటలు అతనికి వినపడుతూనే ఉన్నాయి.

"మొదటి సంతకం మీది ఉండాల మాస్టారూ," అన్నాడు నరేష్. "అక్కడ ఆ స్టార్టరు దొంగ, ఇక్కడ ఈ కోచ్ దండగ. ఇద్దరూ కలిసి మన పేరు తీసినారు."

"కళ్లజోడు తేలేదు."

"సంతకానికి కళ్లజోడేటండి. నాను సూపిస్తాను, అక్కడ గీసీయండి."

"రేపు సూద్దాం."

వాళ్లు వెళ్లాక ఆయన మోహనకృష్ణ పక్కన చతికిలబడ్డాడు.

"గన్ను వినిపించినాదట ఆ పిల్లకి. అప్పాయమ్మ సెప్పినాది."

"వినిపించే ఉంటుంది," అన్నాడు మోహనకృష్ణ తలెత్తకుండా. "మాస్టారూ, రెండేళ్ల కింద నేనొక మాటన్నాను. మీకు గుర్తుండకపోవచ్చు. సెట్ అన్నాక ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా పేల్చండి అని."

గుర్తుంది. తను ఇచ్చిన జవాబు కూడా గుర్తుంది. నా సిగ్నలు మీద ముప్పయ్యేళ్లలో ఒక్కడి వేలు తెగలేదు, ఇప్పుడు నువ్వు తేడా సెయ్యమంటావేటి అన్నాడు.

పోర్టులో ఆయన పని అది. ఓడ అడుగున కూలీలు సరుకు చుట్టూ ఇనప తాడు వేసి కొక్కెం తగిలిస్తారు. పైన నిలబడ్డ ఆయన పిడికిలి ఎత్తితే క్రేన్ తాడు బిగిస్తుంది. ఆ తర్వాత మనసులో ఒకటిన్నర అంకె లెక్కపెడతాడు. వేలు తిప్పితే సరుకు లేస్తుంది. బిగుసుకున్న తాడు కిందనించి కూలీ చెయ్యి తీసుకోడానికి ఆ ఒకటిన్నర అంకే ఉంటుంది. అది ఒకనాడు తగ్గి ఒకనాడు పెరిగితే వేళ్లు ఉండవు. అందుకని ఎండలో, వానలో, జ్వరంతో ఉన్నా ఆయన చేతిలో ఆ అంకె మారలేదు. కూలీలు పైకి చూడటం కూడా మానేశారు. శ్రీరామ్మూర్తి సిగ్నలుంటే కళ్లు మూసుకుని చెయ్యి తీసేయొచ్చని అనేవారు.

"మరి నిన్న నాను టీవీలో అలగ అంటంటే నువ్వెందుకు నోరెత్తలేదు?"

"ఎత్తితే ఎవరు వింటారు?" మోహనకృష్ణ మేకు పక్కన పెట్టాడు. "ఇంకోటి. నేనూ ఆపలేదు కదా. మీ గన్నుకి ఆ పిల్ల అంత బాగా లేస్తుంటే నాకూ ముద్దొచ్చింది. నేషనల్స్‌లో రెండుసార్లు ముందే తూలింది. అక్కడ బ్లాకులకి యంత్రాలు లేవు, ఎవరికీ కనపడలేదు. నాకు కనపడింది. గెలిచిందని ఊరుకున్నాను."

ఇంటికొచ్చి శ్రీరామ్మూర్తి అన్నానికి కూర్చోలేదు. పందేల్లో వాడే స్టాపువాచీ తీశాడు. నరేష్ మూడేళ్లుగా తీసిన వీడియోలు ఫోనులో ఉన్నాయి. జ్యోతి మెరుపు స్టార్టు అని ఒక్కోదానికీ పేరు. ఒకటి పెట్టి, సెట్ అన్న తన గొంతు వినపడగానే బొటనవేలు నొక్కాడు, గన్ను పేలగానే మళ్లీ నొక్కాడు.

ఒకటి పాయింటు ఆరు.

ఇంకోటి. వానలో జరిగిన పందెం. ఒకటి పాయింటు ఆరు. ఇంకోటి. తగరపువలస స్కూలు పోటీలు. ఒకటి పాయింటు ఆరు. తన వేలే తేడా చేస్తోందేమోనని తాయారుని పిలిచి ఆమె చేత నొక్కించాడు. ఆమె నొక్కినా అంతే వచ్చింది. పదకొండు వీడియోలు అయ్యాక ఆమె వాచీ బల్ల మీద పెట్టి ఆయన ముఖం చూసింది.

చివరికి కొరియాది పెట్టాడు. సెట్ నుంచి గన్ను దాకా రెండు పాయింటు రెండు. అది ఎక్కువేం కాదు. ఎనిమిది మందీ కదలకుండా నిలిచేదాకా ఆగాడు ఆ స్టార్టరు, ఆగాల్సినంతే ఆగాడు. మళ్లీ పెట్టి, ఈసారి గన్నుకి కాకుండా జ్యోతిర్మయి భుజం కదిలినప్పుడు నొక్కాడు.

ఒకటి పాయింటు ఆరు.

ఆ పిల్ల అక్కడి గన్నుకి లేవలేదు. తన గన్నుకి లేచింది.

"ఎవుళికీ తెలీదు కదా," అంది తాయారు.

"మోహనకృష్ణకి తెలుసు."

"అతను సెప్పడు. సెప్పేవోడైతే ఈపాటికే సెప్పేవోడు." ఆమె కంచం ముందుకి జరిపింది. "ఆ గుంటకి సెప్పు. సెప్పాల. ఊరికెందుకు? రేపెల్లుండి ఎవుళో గెలిస్తే అందరూ మర్చిపోతారు. ఇరవైయేళ్లు గన్ను మాస్టారు, గన్ను మాస్టారు అని పిలిపించుకున్నావు."

ఆయన కంచంలో చెయ్యి పెట్టాడు కానీ ముద్ద కలపలేదు.

మూడో రోజు పదింటికి మోహనకృష్ణ ఫోనులో జ్యోతిర్మయి కనిపించింది. జుట్టు తడిగా ఉంది. వెనక మంచం మీద బ్యాగు సర్ది ఉంది.

శ్రీరామ్మూర్తి ముందుమాటలేం పెట్టుకోలేదు. వాచీ సంగతి చెప్పాడు, వీడియోల సంగతి చెప్పాడు, అంకె చెప్పాడు. పోర్టు సంగతి కూడా చెప్పబోయి ఆపేశాడు. అది చెబితే సాకులా ఉంటుందనిపించింది.

ఆమె వింది. ఒకసారి ముక్కు తుడుచుకుంది.

"అంటే నిజంగానే వినిపించినాది నాకు."

"వినిపించినాది."

"నాకు పిచ్చెక్కినాదేటో అనుకున్నాను." ఒక్క నిమిషం ఆమె ముఖం తేలికపడింది. తర్వాత గట్టిపడింది. "ఇదెవుళికైనా సెప్పినారా?"

"నీకే."

"మీరు టీవీలో ఆ స్టార్టరు మోసం సేసినాడన్నారు. మా రూములో అందరూ సూసినారు, ఇంగ్లీషులో రాసి మరీ పెట్టినారు కింద. రేపు రెండొందలకీ గన్ను ఆయనదే మాస్టారూ. ఈ పొద్దుట టిఫిను కాడ కనిపించినాడు. నాకు దండం పెట్టినాడు. నాను తలొంచుకున్నాను."

శ్రీరామ్మూర్తి చూపు నేల మీదికి దించాడు.

"నన్ను దొంగన్నారు. సార్ని తీసీమంటన్నారట. అమ్మ బుట్ట కాడ ఎవుళూ ఆగటం నేదు. మీకు సప్పట్లు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "నాకొక్కదానికే సెవిలో సెప్తే సరిపోతాదేటండి? ఎక్కడ మాటాడినారో అక్కడే సెప్పాల. ఆ తెర కాడ, ఆ టీవీలోనే."

"నువ్వు పరిగెడతావా?"

"మీరు సెప్తారా?"

మోహనకృష్ణ ఫోను పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు.

"సెట్ అన్నాక లెక్కెట్టకమ్మా," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"నాను లెక్కెట్టను మాస్టారూ. నా కాలు లెక్కెడతాది."

"అయితే కాలికి ఇంకో పని సెప్పు. ఎనక మడమ బ్లాకుకేసి నొక్కి ఉంచు. పక్కోళ్లు కదిలితే గానీ వదలకు. ఆఖర్న లేచినా పర్లేదు. రెండొందల్లో అందుకోడానికి దూరం ఉంటాది."

"అందరికంటే ఆఖర్న లెగమంటన్నారు."

"ఆఖర్నే."

"భీమిలిలో నవ్వుతారు."

"నవ్వనీ."

ఆమె వెనక్కి తిరిగి బ్యాగు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి, దాని జిప్పు లాగి తెరిచింది.

రెండొందల సెమీఫైనల్‌కి తెర దగ్గర నూట యాభై మందికి మించి లేరు. వచ్చినవాళ్లలో సగం ఎగతాళి చెయ్యడానికే వచ్చారు. నరేష్ చేతిలో మైకు ఉంది. శ్రీసత్య మనిషి కెమెరా సరిచేస్తున్నాడు. అప్పాయమ్మ బుట్ట ఎవరికో అప్పజెప్పి వచ్చి, ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. ఆమెకి అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మోహనకృష్ణ వచ్చి వాటిలో ఒకదాంట్లో కూర్చున్నాడు.

శ్రీరామ్మూర్తి పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మైకు దగ్గరికి రెండుసార్లు వెళ్లబోయాడు. ముందు పరుగు అవనీ అనుకున్నాడు. ఆమె ఓడిపోతే ఇప్పుడు చెప్పి లాభం లేదు, గెలిస్తే చెప్పే పనే ఉండదు. ఈ రెండూ తనే తనకి చెప్పుకున్న మాటలు. రెండింటికీ తాయారు గొంతే ఉంది.

"ఈసారి బస్సు కన్నా ముందే బయల్దేరుతాదేటో సూద్దాం," అన్నాడు నరేష్ మైకులో. నవ్వారు.

ఆరో లైనులో ఆమె వంగింది. వేళ్లు గీత వెనక పెట్టింది. కెమెరా ఆమె మీదినించి పోతున్నప్పుడు వెనక మడమ కనిపించింది. బ్లాకుకి అతుక్కుపోయినట్టు ఉంది.

సెట్.

శ్రీరామ్మూర్తి కుడి చూపుడువేలు దానంతటదే ముడుచుకుంది. ఒకటి పాయింటు ఆరు. గన్ను పేలలేదు. ఆమె భుజం వణికింది. మడమ కదల్లేదు. ఎంతసేపు ఆపాడో ఆ స్టార్టరు. అప్పుడు పేలింది.

ఏడుగురు లేచారు. తర్వాత ఆమె లేచింది.

"నిద్రోయినాదిరోయ్," అన్నారెవరో. పెద్దగా నవ్వారు. ఆ నవ్వు వంపు సగం దాకా ఉంది. వంపు తిరిగేసరికి ఆమె ఐదో మనిషి. నవ్వు ఆగిపోయింది. ఒకడు కుర్చీ మీదికెక్కాడు. నిటారు దారిలో ఆమె మెడ నరాలు కనపడుతున్నాయి. నాలుగు. అప్పాయమ్మ లేచి నిలబడింది, కొంగు నోట్లో పెట్టుకుని. గీత దగ్గర ఆమె ముందుకి వంగింది. మూడు.

తెర మీద మూడో పేరు పక్కన చిన్న అక్షరం వెలిగింది. మోహనకృష్ణ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఫైనలు," అన్నాడు వేళ్ల సందుల్లోంచి. "ఫైనలు కెళ్లింది."

ఈలలు, గోల. జ్యోతీ, జ్యోతీ అని మళ్లీ అదే లయ. ఖాళీగా ఉన్న కుర్చీలు నిండిపోయాయి. ఎవరెవరో అప్పాయమ్మ చేతులు పట్టుకుంటున్నారు. ఆమె ఒక్కొక్కటే విడిపించుకుంటోంది.

నరేష్ పరిగెత్తుకొచ్చి శ్రీరామ్మూర్తిని రెక్క పట్టి తెర ముందుకి లాక్కొచ్చాడు.

"మాస్టారు ముందే సెప్పినారు, మన గుంటది తప్పు నేదని. ఆ వందలో మోసం నేకపోతే మెడల్ వచ్చీసుండును. సెప్పండి మాస్టారూ, ఆ స్టార్టరు గాడి సంగతి ఇంకోసారి సెప్పండి. ఏయ్, అరవకండి, మాస్టారు మాటాడతారు."

శ్రీసత్య కెమెరా ఇటు తిప్పించింది. ఎర్ర దీపం వెలిగింది. జనం సద్దుమణిగారు. వాళ్లకి వినాలని ఉంది. కావలసిన మాట సిద్ధంగా ఉంది. అంటే చాలు, భుజాల మీదికి ఎత్తుకుంటారు. అనకుండా నవ్వి ఊరుకున్నా ఎత్తుకుంటారు.

శ్రీరామ్మూర్తి మైకు తీసుకున్నాడు.

"ఆ స్టార్టరు మోసం సెయ్యలేదు. ఎంతాపాలో అంతే ఆపినాడు. మూడు రోజుల కింద ఇక్కడే నిలబడి నానన్నది అబద్దం. ఆయన్ని కొరియాలో ఎవుళైనా ఎరిగినోళ్లుంటే ఈ ముక్క అంపండి."

నరేష్ నవ్వు సగంలో ఆగింది. "ఏటి మాస్టారూ. మరి తప్పెవుళిది? ఈ సార్‌దేనా?"

"సార్‌ది కాదు. ఇలగ సెయ్యొద్దని రెండేళ్ల కిందే సెప్పినాడు. వినాల్సినోడు వినలేదు. గుంటది అసలే కాదు. సెట్‌కీ గన్నుకీ మద్దిన దానికెవుడు ఎంతసేపు నేర్పినాడో, అంతసేపూ అది ఆగినాది. నేర్పినోడి అంకె ఎప్పుడూ ఒకటే. మనిషిని యంత్రం సేసినాడు. అది ఆడి గొప్పనుకున్నాడు."

"ఎవుడాడు?" అన్నారు వెనకనించి.

"సెప్తాను. సెప్పినాక ఆ పిల్లని దొంగన్న ప్రతివోడూ ఆ మాట ఈడికి మార్చాల. ఆ అర్జీలో సార్ పేరు కొట్టీసి ఈడి పేరు రాయాల. రాయకపోతే నానే వచ్చి ఒక్కొక్కడి సేతా రాయిస్తాను."

"పేరు సెప్పండి మాస్టారూ," అన్నాడు నరేష్. అతని గొంతులో ఇందాకటి మైకు జోరు పోయింది.

శ్రీరామ్మూర్తి అతని వైపు చూడలేదు. కెమెరా వైపూ చూడలేదు. తెర మీద ట్రాకు పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతున్న పిల్ల వైపు చూశాడు.

"రాసుకోమ్మా," అన్నాడు శ్రీసత్యతో. "పొట్నూరు శ్రీరామ్మూర్తి. నానే."